మామ కొట్టిన ఉత్త ఫ్లాష్

మా స్టూడియో మామ మొన్న బుధవారం పోయాడు. బీదర్ కోటకు పోయే దారిలో ఆయన ఫోటో దుకాణం. నాకు చుట్టమేమీ కాదు. కోపం వచ్చినప్పుడల్లా వెళ్లి కూర్చునేవాణ్ణి. నాకు కోపం రోజూ వచ్చేది.

మొదట ఆయన పెళ్లిళ్ల ఫోటోలు తీసేవాడు. రీలు కెమెరా రోజుల్లో ఒక పెళ్లిలో విస్తళ్లు ఎత్తే ఆమె, "అన్నా, నన్నొక ఫోటో కొట్టవా" అని అడిగిందట. రీలు దండగని ఫోటో తీయకుండా ఉత్త ఫ్లాష్ వెలిగించాడు. ఫోటో కోసం ఆమె రెండుసార్లు దుకాణానికి వచ్చింది. మూడోసారి ఆమె కొడుకు వచ్చాడు. "మా అమ్మ పోయింది. దండెయ్యనీకి ఆ ఫోటో ఇయ్యి."

ఈ తప్పును మామ ఎవరి దగ్గరా దాచలేదు. అప్పటినుంచి ఆదివారాలు దుకాణం మూసి, తలుపు బయట మేకుకు వేలాడే అద్దం సంచిలో పెట్టుకుని మా ఊళ్లోనే ఉన్న చిద్రి గల్లీలకు పోయేవాడు. ఎవరూ ఫోటో తీయని మనుషుల చేతికి ముందు ఆ అద్దం ఇచ్చేవాడు. "నీకు నువ్వు నచ్చినంక చెప్పు. అప్పుడు కొడ్త."

నిరుడు రోడ్లు ఊడ్చే అక్కలు గుర్తింపు కార్డులు అడిగితే, "వీళ్లు మా పనోళ్లే కాదు" అన్నాడు కాంట్రాక్టరు. కార్డు లేకపోతే రేపు పని ఉంటుందన్న నమ్మకం లేదు. వాళ్ల తరఫున కరపత్రం రాసింది నేనే. దానికి మురికి మోరీలో చేతులు పెట్టిన ఫోటోలు కావాలన్నాను. మామ తీసినవి చూద్దును కదా, అందరూ మంచి చీరల్లో, తలనిండా పూలతో!

"ఇదేంది మామా, పెండ్లికి పోతున్నరా వీళ్లు? మురికి చూపియ్యాలె!" అని అరిచాను.

"నా మీద ఎగురుతవేందిరా? అక్కనే అడుగు."

ఆ ఊడ్చేవాళ్లలో అందరికన్నా పెద్దామె, మేం పెద్దక్క అనే ఆమె, చీపురు కింద పెట్టకుండానే అంది: "మురికి రోజు సూస్తనే ఉన్నరు గదరా. మా మొకమే సూడలే."

నేను కరపత్రం పక్కన పెట్టి, ఒక్కొక్కరి పేరు అడగడం మొదలుపెట్టాను.

ఆ ఫోటోల కింద పేర్లు రాసి, మున్సిపాలిటీ ఆఫీసు ముందు పట్టుకుని కూర్చున్నాం. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. "ఈమె మా గల్లీ ఊడుస్తది", "ఈమె మా దుకాణం ముంగట" అని ఒక్కొక్కరే లోపలికి వెళ్లి చెప్పారు. కార్డులు వచ్చాయి. వాటి మీద మామ తీసిన ఫోటోలే.

ఇవాళ పొద్దున దుకాణం మూసే ఉంది. అద్దం మాత్రం మేకుకు అలాగే ఉంది. పెద్దక్క ఊడ్చుకుంటూ వచ్చి దాని ముందు ఆగింది. మెడలో తిరగబడ్డ కార్డును ఫోటో పైకి వచ్చేలా తిప్పుకుంది. కొంగు సర్దుకుంది.

"నాకు నేను నచ్చిన అన్నా, ఇగ కొట్టు," అని, కదలకుండా నిలబడింది.