చీర గార్డుకు కట్టిన పైపు

పోయిన నెల ఒక శుక్రవారం పొద్దున్నే మా పై అంతస్తు ఆంటీ ఫోన్ చేసి, "మీ అంకుల్ లేవలేదు నాయనా, ఒళ్ళు చల్లబడిపోయింది" అన్నారు. జీవితమంతా జనాన్ని ఏడిపించి నవ్వుకున్నవాణ్ణి, ఆ మాటకు నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఎందుకో చెబుతాను. అది దాచి ఆయన గురించి రాస్తే చెయ్యి విరిగిపోవాలి.

రాజధాని శివారు ద్వారకలో మా బిల్డింగు మొత్తానికీ ఆయన అంకులే. నరసాపురం వైపు మనిషి, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆంటీ నర్సుగా చేసి మానేశారు. నేను ఏసీలు బాగుచేసుకునేవాణ్ణి, పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. మమ్మల్ని కలిపింది గాలం. ఆదివారం ఆయనకు చర్చి, అందుకని శనివారాలు నజఫ్‌గఢ్ అవతల ఒక చేపల చెరువుకు పోయేవాళ్ళం. బండి నాది, వెనక సీటు ఆయనది.

గాలం కర్రలు బండికి కట్టడం ఆయనకు ప్రార్థనతో సమానం. కర్రల్ని ముక్కలుగా ఊడదీసి, కొసలకు పాత సాక్సులు తొడిగి, నీళ్ళ పైపు ముక్కలోకి దించేవారు. ఆ పైపును వెనక చక్రం పక్కనుండే చీర గార్డుకు నిలువుగా నిలబెట్టి, సైకిలు ట్యూబు ముక్కలతో మూడుచోట్ల బిగించేవారు. పైన మూత, దానికి ఎర్ర గుడ్డ. దారి పొడుగునా ఎడమ చెయ్యి దాని మీదే.

"అడ్డంగా పెట్టుకుంటే పోద్ది కదండీ" అంటే, "పక్క బండోడి కంట్లో పోద్దిరా. మన తల కంటే ఎత్తు, మన భుజాల కంటే వెడల్పు లేని సామానుతో ఎక్కడికైనా పోవచ్చు" అనేవారు.

"మరి మీ పొట్ట సంగతేంటండీ?" అనేవాణ్ణి. వెనక నుంచి మొట్టికాయ పడేది. నాకు హెల్మెట్ ఉండేది కాబట్టి నొప్పి ఆయన వేళ్ళకే. చెరువు గట్టున కూడా అదే వరస. "చేపకు చెవులున్నాయో లేదో గానీ, నీ నోటికి మాత్రం తలుపు లేదురా" అనేవారు.

ఆ తలుపు లేకపోవడమే కొంప ముంచింది. జెండా పండుగకు ముందు వారం, రోడ్లనిండా బారికేడ్లు. ఒక కానిస్టేబులు లాఠీతో పైపు మీద తట్టి, "ఇస్ మే క్యా హై?" అన్నాడు, ఇందులో ఏముందని. అంకుల్ నోరు తెరిచేలోగా నేను పళ్ళికిలించి, "తోప్ హై సాబ్" అన్నాను. ఫిరంగి ఉందన్నానన్నమాట.

అతను నవ్వలేదు. రెండడుగులు వెనక్కేసి కేకపెట్టాడు. ఇసక మూటల వెనక నుంచి ఇద్దరు తుపాకులెత్తి వచ్చారు. "హాథ్ ఊపర్!"

నేను చేతులెత్తాను. అంకుల్ పైపు వదల్లేదు. వదిలితే ఎక్కడ ఒరిగిపోతుందోనని ఆయన బాధ. వాళ్ళకేమో పైపులోంచి ఏదో తీయబోతున్నట్టు కనబడింది. "అంకుల్, వదలండి, వదిలెయ్యండీ!" అని అరిచిన గొంతు నాదని నాకే తెలియలేదు. ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడిచాయి.

కర్రలు బయటికి తీసి, సాక్సులు పిండి చూసి, నాకు పడాల్సిన తిట్లు పెట్టి పంపించారు. "మాఫ్ కీజియే సాబ్, మా తమ్ముడే" అని నా తరఫున ఆయన దణ్ణం పెట్టారు.

కిలోమీటరు దాటాక "ఆపరా" అన్నారు. దిగి, గుండె మీద చెయ్యేసుకుని, జేబులో డబ్బీ తీసి నాలుక కింద మాత్ర పెట్టుకున్నారు. పెదాలు బూడిద రంగుకు తిరిగాయి. పైపు ఒరిగిపోకుండా నేను పట్టుకుని నిలబడ్డాను.

"ఆసుపత్రికి పోదాం అంకుల్."

"ఆగు, తగ్గుద్ది. మీ ఆంటీకి చెప్పావంటే కర్రలు విరిచి పారేద్ది. చెప్పకు."

చెప్పలేదు.

మరుసటి శనివారానికి పైపు మూత మారింది. నీళ్ళ బాటిల్ అడుగు కోసి బిగించారు. లోపలి సాక్సులు బయటికే కనబడుతున్నాయి. "ఇక నీ నోటితో పనిలేదు, వాళ్ళే చూసుకుంటారు" అన్నారు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నేను మాత్రం రోజూ పొద్దున్న మెట్ల మీద ఆయన దగ్గు వినపడేదాకా తలుపు దగ్గరే నిలబడేవాణ్ణి. వినపడ్డాకే టీ తాగేవాణ్ణి. ఆ శుక్రవారం వినపడలేదు.

సమాధి చేసి వచ్చిన మూడో రోజు ఆంటీ పైపు తెచ్చి నా చేతికిచ్చారు. మెట్ల మీద కూలబడి అంతా చెప్పేశాను. "నా వల్లేనా ఆంటీ?"

ఆవిడ నా మొహం చూడలేదు, పైపు మూత చూశారు. "డబ్బీలో మాత్ర తగ్గిందని ఆ రోజే చూశాను. అడిగితే ఆయన అబద్ధం చెప్పలేరు, తెలిస్తే నేను వెళ్ళనివ్వలేను. శనివారం లేకపోతే ఆ మనిషి ఏమైపోతారోనని ఊరుకున్నాను." మూతను కొంగుతో తుడుస్తూ అన్నారు: "నీ వల్లో, నా వల్లో నాకు తెలీదు నాయనా. నేను నర్సుని, దేవుణ్ణి కాదు. కట్టేటప్పుడు మూడుచోట్లా బిగించు."

నిన్న శనివారం ఒక్కణ్ణే పోయాను. మూడుచోట్లా బిగించాను. బారికేడ్ దగ్గర బండి ఆపాను. కానిస్టేబులు వంగి, బాటిల్ అడుగులోంచి లోపలికి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. నేను పెదవి విప్పలేదు.

అవతల గుంతలో బండి ఎగిరింది, వెనక పైపు ఊగింది. నా ఎడమ చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. దాన్ని పట్టుకుని, ఒంటిచేత్తో, నడిచేవాళ్ళ కంటే నెమ్మదిగా చెరువు దాకా వెళ్ళాను. ఎర్ర గుడ్డ దారంతా నా వేళ్ళ మీద కొట్టుకుంటూనే ఉంది.