ఉప్పు తేలిన ఫ్లాస్కు

మా కాలేజీ లైబ్రరీలో శ్రావణి అనే విద్యార్థిని ప్రాజెక్టు రిపోర్టు ఉంది. దాని మొదటి పేజీలో, 'ఓపికగా మీడియం కలిపి ఇచ్చిన ల్యాబ్ అన్నకు' అంటూ నా పేరు రాసి కృతజ్ఞతలు చెప్పింది. చదివినవాళ్లు అది నిజమే అనుకుంటారు. అందుకే ఇది రాసి పెట్టాలి.

నిరుడు ఎండాకాలం ముందు మాట. వనపర్తిలోని ఈ కాలేజీ ల్యాబులో నేను అసిస్టెంటును. ఇంటర్ తప్పి చదువు మానేసినా, టౌన్ లైబ్రరీలో కెమిస్ట్రీ పుస్తకాలు ఒక్కటి వదలకుండా చదివాను. యాసిడ్, ఆల్కలీ కలిస్తే ఉప్పూ నీళ్లూ వస్తాయని కొత్త పిల్లలకు సమీకరణంతో సహా అప్పజెప్పేవాణ్ణి. వాళ్లు నన్ను సార్ అంటే కాదనేవాణ్ణి కాదు.

శ్రావణిది గద్వాలలో నేతవాళ్ల ఇల్లు. నూలుకు ఎర్ర రంగు వేసిన నీళ్లు వాళ్ల ఇంటి వెనక కాలువలో పారతాయి. ఆ కాలువ మట్టిలోని సూక్ష్మజీవులు రంగును తినేస్తాయని చూపించడం ఆమె ప్రాజెక్టు. రంగునీళ్లలో పోషకాలు కలిపి, జీవులు పెరిగే మీడియం తయారుచేసి, ఫ్లాస్కుల్లో పోసి ఆ మట్టి వేయాలి. దాని పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, ఏడు దగ్గర ఉండాలి. తక్కువైతే సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారపు ద్రావణం పోసి పెంచుతాం. మొదట గాఢమైనది కొంచెం, ఏడు దగ్గరపడ్డాక పలుచనిది చుక్కచుక్కగా. ప్రతి చుక్కకూ మీటర్‌లో అంకె నిలిచేదాకా ఆగాలి.

నేను ఆగేవాణ్ణి కాదు. చేతి అంచనా ఉందనుకుని గాఢమైనదే పోసేవాణ్ణి. ఎనిమిదో తొమ్మిదో దాటిపోతే యాసిడ్ పోసి దించేవాణ్ణి. మరీ దిగితే మళ్లీ క్షారం. చివరికి మీటర్‌లో ఏడు కనిపించేది. పీహెచ్‌ను సులువుగా కదలనివ్వని ఫాస్ఫేట్ మా మీడియంలో ఎక్కువ కాబట్టి క్షారమూ యాసిడూ చాలానే పట్టేవి.

ఫ్లాస్కుల్లో రంగు తగ్గలేదు. శ్రావణి గద్వాల వెళ్లి మళ్లీ మట్టి తెచ్చింది. అదీ అంతే. ఆమెకు మట్టి తేవడం రాదని, చేతులు శుభ్రంగా లేవని నేనే అన్నాను. పిల్లలందరి ముందు ఒక మాట కూడా అన్నాను: "మీ గద్వాల పురుగులకు గూడ ఎర్రచీరంటే మోజున్నట్టుంది, రంగు ముడుతలేవు." అందరూ నవ్వారు. ఆమె ఫ్లాస్కు తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది.

గైడు నర్సింహులు సార్ నన్ను పిలిచి, క్షారం ఎంత పడుతోందని అడిగారు. కొన్ని చుక్కలే అన్నాను. అయితే తప్పు మీడియంలో లేదని, మట్టిలోనే ఏమీ లేదని ఆయన తేల్చారు. ఈసారీ రంగు తగ్గకపోతే టాపిక్ మార్చుకోవాలని ఆమెకు చెప్పేశారు.

ఆ శనివారం మా అన్నకు ఎడ్లు చూడటానికి పెబ్బేరు సంతకు పోయాను. నేను లేనని మీడియం శ్రావణే కలుపుకుంది. పలుచని ద్రావణంతో మధ్యాహ్నమంతా కూర్చుందట. కొన్నాళ్లకు ఆమె ఫ్లాస్కు వెలిసిన బట్టలా పాలిపోయింది. పక్కనే నేను కలిపింది ఎర్రగానే ఉంది.

ఆమె రెండింటిలోంచి చెరొక చుక్క గాజు పలకల మీద వేసి ఎండబెట్టింది. ఆమె చుక్క పలుచగా మచ్చ కట్టింది. నాది తెల్లగా పెళుసుగా మందంగా తేలింది.

"అన్నా, మట్టి గదే, నీళ్లు గవే. ఏడు దాటితే యాసిడ్ గిట్ల పోస్తవా?"

"అప్పుడప్పుడు," అన్నాను.

రంగునీళ్లలో ముందే ఉన్న ఉప్పుకు నేను తయారుచేసిన ఉప్పు తోడై జీవుల్ని చంపింది. నోటికి వచ్చిన ఆ సమీకరణం నా చేతి కిందే జరుగుతుంటే నాకు కనిపించలేదు.

అంతలో సార్ వచ్చి పలకలు చూశారు. "ఇంత ఉప్పెట్లొచ్చింది? ఎవరు కలిపిండ్రు?"

నేను బీకర్లు అందుకుని సింకు వైపు తిరిగాను.

"నేనే సార్. తెల్వక జర ఎక్కువ పోసిన," అంది శ్రావణి.

ఫైనలియర్‌కు వచ్చి ఈ సంగతి తెలియదా అని జూనియర్ల ముందే ఆమెను చాలాసేపు తిట్టారు. నేను కడిగిన బీకర్లనే మళ్లీ కడుగుతున్నాను. వెళ్లేముందు పాలిపోయిన ఫ్లాస్కు చూసి, టాపిక్ ఉంచుకొమ్మన్నారు.

తర్వాత ఎందుకలా చెప్పావని అడిగాను.

"నన్ను తిట్టి సార్ మర్చిపోతడన్నా. నిన్ను తిడితే రేపు గీ పొల్లగాండ్లు నీ మాట ఇంటరా?"

అప్పుడైనా సార్ గదికి పోయి నిజం చెప్పొచ్చు. పోలేదు.

ఇప్పుడు ఏడు దాటిన మీడియంను యాసిడ్‌తో వెనక్కి తేను. పారబోసి మొదటి నుంచి కలుపుతాను. పిల్లలకూ అదే నేర్పుతున్నాను, ఎందుకో మాత్రం ఇంతవరకు చెప్పలేదు.

ఇది చదివి ఆ తిట్లు ఎవరికి చెందాలో తెలుసుకోబోయే నర్సింహులు సార్‌కు, డబ్బాల్లో రంగునీళ్లు పంపిన శ్రావణి నాన్న రాములు గారికి, నాకు పుస్తకాలు దాచిపెట్టి ఇచ్చే లైబ్రరీ ఖాజా భాయ్‌కు కృతజ్ఞతలు. శ్రావణికి కూడా. అమ్మా, ఆ పేజీలో నువ్వు రాసిన ఓపిక నాది కాదు, నీది.