సీడీ రైటర్ కొనడానికి మంచి సమయం

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉందంటే దానికి మనమే సేవ చేస్తున్నామని అర్థం. మణుగూరులో గని ఆఫీసులో గుమాస్తాగా చేరిన రెండో ఏడు నేనూ ఒకటి కొన్నాను. ఖమ్మం నుంచి బస్సులో మానిటర్‌ని ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాను. అమ్మ దానికి పూలగుడ్డతో ముసుగు కుట్టింది. ఆ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదని నాన్న నియమం పెట్టాడు. (వైరస్ చెప్పుల దుమ్ములోంచే వస్తుందని ఆయన నమ్మకం. నాకూ అంతకంటే ఎక్కువ తెలియదు కాబట్టి కాదనలేదు.) ఆ పెట్టెకున్న లోటల్లా ఒక్కటే. సీడీలో ఉన్నది చూపించేది గాని, కొత్త సీడీ మీద ఏదీ రాయలేకపోయేది. అందుకు సీడీ రైటర్ విడిగా కొనాలి. అది ఎప్పుడు కొనాలా అని నేను మూడేళ్లు ఆలోచించాను. తర్వాత పెళ్లి చేసుకోవడానికి మూడు రోజులే ఆలోచించాను.

ఈ ఆలస్యంలో మా ఆఫీసు పెద్దాయనకు కొంత వాటా ఉంది. ఆయన్ని అందరం స్పీడు సారు అనేవాళ్లం. కంప్యూటర్ పత్రికలన్నీ తెప్పించుకుని, అండర్‌లైన్ చేసుకుంటూ చదివేవాడు. ఇంట్లో మాత్రం కంప్యూటర్ లేదు. మంచిది వచ్చాక కొందామని ఆగి ఉన్నాడు. నేను రైటర్ మాట ఎత్తగానే కళ్లజోడు తీసేవాడు. "ఇప్పుడు కొనుడు తెలివితక్కువ పని. నువ్వు ఎనిమిది స్పీడుది కొంటవ్, రెండు నెలలకు పదహారు స్పీడుది వస్తది, గదే రేటుకు. అప్పుడు ఏం జేస్తవ్?" అనేవాడు. పదహారుది వచ్చింది. అప్పుడు ముప్పై రెండుది దారిలో ఉందన్నాడు. ఆ మాటలు వింటుంటే ఏమీ కొనకుండానే ఏదో గెలిచినట్టుండేది నాకు.

ఆ మధ్యనే ఒక ఎండాకాలం మా మేనత్త, మామ వచ్చి మా క్వార్టర్‌లో వారం రోజులున్నారు. వాళ్లది భద్రాచలం వైపు అడవి అంచున చిన్న పల్లె. మామ మిరప వేసేవాడు. మాటకారి. ఆయన ఎలుగుబంటి కథ మా చుట్టాల్లో ప్రతి పెళ్లిలోనూ ఒకసారి జరిగి తీరాలి. ఇప్పపూలు రాలే రోజుల్లో తెల్లవారకముందే ఆయన అడవికి వెళ్లాడట. చెట్టు కింద నల్లటి గొంగడి కప్పుకుని ఎవరో కూర్చుని ఉన్నారట. చుట్టపుచూపుగా వాళ్లింట్లో దిగిన మా నాన్నే అనుకుని, పక్కన చతికిలబడి, "బామ్మర్దీ, అగ్గిపెట్టె ఉన్నదా?" అని అడిగాడట. జవాబు లేదు. "ఏంది, అలిగినవా?" అని భుజం మీద చెయ్యి వేశాడట. అప్పుడు అది మామ వైపు తిరిగి ఒక్క ఊపిరి వదిలింది. ఆ ఊపిరిని మామ కడుపులోంచి తెచ్చి వదిలితే పిల్లలు అమ్మల వెనక్కి పోయేవాళ్లు. నాన్న మాత్రం ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "నాకసలు గొంగడే లేదు."

ఆ కథని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని నాకు బుద్ధి పుట్టింది. స్పీకర్లతో ఉచితంగా వచ్చిన మైకును మామ చేతికిచ్చాను. కంప్యూటర్‌లో గొంతు రికార్డు చేసే ప్రోగ్రాం ఒక నిమిషం కాగానే దానంతటదే ఆగిపోయేది. మామ సరిగ్గా ఎలుగు భుజం మీద చెయ్యి వేసే చోటికి వచ్చేసరికి నేను చెయ్యెత్తి ఆపాల్సి వచ్చింది. "అల్లుడా, చెయ్యి దాని మీదనే ఉన్నది. నీ డబ్బ తొందరగ తెరువు, లేకుంటే అది నన్ను తింటది" అని ఆయన చెయ్యి గాల్లోనే ఉంచి కూర్చున్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అలా పదకొండు ముక్కల్లో కథ పూర్తయింది. వాళ్లింట్లో సీడీలు ఆడే ప్లేయరుంది. "రైటర్ కొనంగనే బిళ్ల జేసి పంపిస్త" అన్నాను.

మరుసటి వానాకాలంలో మామ జ్వరంతో పోయాడు.

పదకొండో రోజున, అందరూ భోజనాలకు లేచాక అత్త నన్ను పక్కకు పిలిచింది. "అల్లుడా, మీ మామ మాట నీ కంప్యూటర్ల ఉన్నది గదా. గది నాకు తెచ్చియ్యి" అంది. ఇంకేమీ అడగలేదు. ఆ నెల జీతం రాగానే నేను ఖమ్మం వెళ్లాను. వెళ్లాను గాని, దుకాణంలో ఒకాయన డీవీడీ రైటర్లు వస్తున్నాయని, ఇక సీడీవి ఎవరూ అడగరని ఎవరితోనో అంటుంటే విన్నాను. ఇంకో నాలుగు నెలలు ఆగితే పోయేదేముంది అనుకుని, మౌస్ కింద వేసే రబ్బరు ముక్క ఒకటి కొనుక్కుని తిరిగొచ్చాను. (హార్డ్ డిస్క్ విప్పి పట్టుకెళ్తే వాళ్లే సీడీ చేసిచ్చేవాళ్లు. ఫ్లాపీల్లోనైనా దాచి ఉండొచ్చు. ఇవన్నీ నన్ను చాలామంది అడిగారు. మీరైనా అడగకండి.) అత్త ఎవరైనా మణుగూరు వస్తుంటే వాళ్లతో అడిగించేది. నేను "వచ్చే నెల" అని చెప్పి పంపేవాణ్ణి.

చివరికి కొన్నాను. యాభై రెండు స్పీడుది, దానికి మించినది ఇక రాదని స్పీడు సారు ఒప్పుకున్నాక. బిగించడానికి బజారు నుంచి మెకానిక్ వచ్చాడు. పాత సిస్టం మీద ఇది పనిచేయదని, సీ డ్రైవ్ మొత్తం తుడిచి కొత్తది ఎక్కించాలని అన్నాడు. "సార్, సీ డ్రైవ్‌ల ఏమన్న ఉన్నదా? ఉంటే ఇప్పుడే చెప్పున్రి" అని రెండుసార్లు అడిగాడు. "ఏం లేదు, అన్నీ డీలనే దాచిన" అన్నాను, టీ కలపమని అమ్మకు చెబుతూ. ఆయన పని ముగించి వెళ్లాక కొత్త సీడీ మీద మార్కర్‌తో మామ పేరు రాసుకుని డీ తెరిచాను. నా ఆఫీసు ఉత్తరాలున్నాయి. సినిమా పాటలున్నాయి. మామ లేడు. ఆ పదకొండు ముక్కలూ మొదటి నుంచీ సీలోనే ఉన్నాయి. మెకానిక్‌ని మళ్లీ పిలిపించాను. ఆయన గంటసేపు వెతికి, "రెండుసార్లు అడిగిన గదా సార్" అన్నాడు మెల్లగా.

ఆ ఆదివారం అత్త ఊరికి బయల్దేరాను. సీడీ గీసుకుపోయిందని చెప్పాలా, దారిలో ఎవరో కొట్టేశారని చెప్పాలా అని బస్సు దిగేదాకా రకరకాలుగా అల్లుకున్నాను. అత్త వాకిట్లో మిరపకాయలు ఏరుతోంది. నన్ను చూడగానే చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, నా సంచి వైపు చూసింది. అబద్ధం నోటికి రాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

అత్త ముందున్న మిరపకాయల్ని ఒక పక్కకు పోగుచేసింది. తర్వాత, "మొత్తం పోయిందా?" అంది.

"అవ్ అత్తా. మొత్తం."

"కావాల్నని చేసినవా ఏంది" అని లోపలికి వెళ్లి అన్నం వడ్డించింది. నేను తినలేక మెతుకులు కలుపుతుంటే ఎదురుగా కూర్చుని, "నువ్వు శానాసార్లు విన్నవు గద. నీకు యాదికున్న కాడికి చెప్పు" అంది.

చెప్పాను. మామలా చెయ్యి ఊపుతూ, గొంతు మార్చుతూ. అగ్గిపెట్టె దగ్గరికి రాగానే ఆపింది. "గట్ల కాదు. ముందు బీడీ నోట్ల పెట్టుకుంటడు, అప్పుడు అడుగుతడు." సరే, బీడీ పెట్టుకున్నాను. భుజం మీద చెయ్యి వేశాను. ఊపిరి దగ్గర మాత్రం నా వల్ల కాలేదు. దగ్గులాంటిదేదో వచ్చింది. అప్పుడు అత్త, ఇన్నేళ్లలో ఆ కథలో ఒక్క మాటా కలపని అత్త, కళ్లు మూసుకుని ఆ ఊపిరి వదిలింది. అచ్చం మామలాగే.

అత్త కూడా ఇప్పుడు లేదు. మా అమ్మాయికి ఆ కథ చెబుతుంటాను. బీడీ తర్వాత అగ్గిపెట్టె, ఆ తర్వాత అలక, అన్నీ వరుసలోనే చెబుతాను. ఊపిరి దగ్గర మాత్రం ఈ వయసులోనూ దగ్గే వస్తుంది. ఎలుగుబంటి అలాగే చేస్తుంది కాబోలనుకుని పిల్ల పడీపడీ నవ్వుతుంది. కాదని చెప్పబోయి, నేనూ నవ్వేస్తాను.