అన్నం వేళకి ఆగిపోయే కంప్యూటర్

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు ఒళ్లు మంట. సబ్బవరం దగ్గర మా అత్తవారి ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందనేవారు. గాలీ లేదు, ధూళీ లేదు, డాక్టరు దగ్గరికి పదండని పోట్లాడి తీసుకెళ్లిన కోడల్ని నేను. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం రాస్తాను.

మాది గాజువాక. ఇంట్లోనే పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవారు. పిల్లలు లేరు మాకు. పని మీద కూర్చుంటే నాకు ఆకలి తెలియదు. ఆయన డ్యూటీలో ఉంటే మధ్యాహ్నం ఫోన్ చేసి లేపేవారు. ఇంట్లో ఉంటే వెనక నుంచి వచ్చి కంప్యూటర్ స్విచ్ నొక్కేసేవారు, అంతే. సేవ్ చేసుకోలేదు మహాప్రభో అని నెత్తి కొట్టుకునేదాన్ని.

"ముందు తిని కూకో. పెళ్లయిపోయినోలకి తొందరేటి?" అనేవారు.

నిరుడు వానాకాలంలో గుండెపోటుతో పోయారు. యాభై కూడా నిండలేదు.

కార్యాలన్నీ అయ్యాక మళ్లీ పనిలో కూర్చున్నాను. ఏడవకుండా ఉండాలంటే నాకు అదొక్కటే దారి. ఆల్బమ్‌లతో పాటు పెళ్లి వీడియోలు కూడా ఒప్పుకున్నాను. వాటికి పాత కంప్యూటర్ చాలలేదు. మధురవాడలో ఉద్యోగం చేసే మా మరిది శ్రీను ఒక ఆదివారం వచ్చి కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించి వెళ్లాడు.

మర్నాటి నుంచి మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి కంప్యూటర్ టప్పున ఆగిపోయేది. కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, యూపీఎస్ లైటు వెలుగుతోంది. బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. విసుగొచ్చి లేచి, రెండు ముద్దలు తిని వచ్చి నొక్కితే మామూలుగా ఆన్ అయ్యేది.

ఫోన్లో చెబితే శ్రీను నవ్వాడు. కంప్యూటర్లో అన్నిటికీ కరెంటు పంచే డబ్బా ఒకటుంటుంది, ఎస్‌ఎంపీఎస్ అంటారు. కొత్త కార్డు ఎక్కువ లాగుతుంటే ఆ పాత డబ్బా మోయలేక వేడెక్కి ఆగిపోతోందట. నేను తినేలోపు చల్లారుతోందట. సబబుగానే తోచింది.

అయినా మనసు ఊరుకోలేదు. ఒకరోజు పెందలాడే తినేసి, ఉన్నవాటిలో పెద్ద వీడియో పెట్టాను. కార్డు ఫ్యాను హోరెత్తిపోయింది గానీ సాయంత్రం దాకా ఆగలేదు. మర్నాడు తినలేదు. ఏ పనీ పెట్టకుండా ఉత్త తెర చూస్తూ కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఆగిపోయింది. వారం రోజులు అటూ ఇటూ మార్చి చూశాను. నేను తింటే ఆగదు, తినకపోతే ఆగుతుంది.

భయం వెయ్యలేదు. నిజం చెప్పాలంటే, ఆయన పోయాక నేను కాస్త సంతోషంగా ఉన్నది ఆ రోజుల్లోనే. కావాలనే తినకుండా కూర్చునేదాన్ని. తెర నల్లబడగానే, వస్తున్నా వస్తున్నా అంటూ లేచేదాన్ని.

ఇలా ఎంతకాలం సాగేదో గానీ, ఆగినప్పుడల్లా హార్డ్ డిస్క్ దెబ్బతింటుందని శ్రీను పట్టుబట్టాడు. అందులో ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లున్నాయి. పోతే మళ్లీ ఎక్కడి నుంచి తెచ్చిస్తాను? సరే అన్నాను. పెద్ద ఎస్‌ఎంపీఎస్ తెచ్చి వేసి, పాతది పట్టుకుపోయాడు.

ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆగలేదు. కంప్యూటర్ బాగుపడింది, నేను పాడయ్యాను. పొద్దున కూర్చుంటే చీకటి పడేది, వండిన అన్నం గిన్నెలో అలాగే ఉండేది. ఒకరోజు కూరల బజార్లో కళ్లు తిరిగి పడిపోయాను. ఒంట్లో రక్తం లేదు, ఇలాగే ఉంటే కష్టమని డాక్టరు గట్టిగానే చెప్పాడు.

శ్రీను పరుగెత్తుకొచ్చాడు. అప్పుడు వాడికి అంతా చెప్పి, పాత డబ్బానే మళ్లీ వెయ్యమని బతిమాలాను. వదినకి మతి పోయిందనుకున్నాడేమో, అయినా ఆదివారం తెచ్చి బిగించాడు.

"ఇది అరగంట కూడా నిలబడదు వదినా. షాపోడు టెస్ట్ సేసి, పడెయ్యమన్నాడు," అన్నాడు.

పెద్ద వీడియో పెట్టాను. నేను తినలేదు, వాడూ తినలేదు. ఇద్దరం తెర ముందు కూర్చున్నాం. మధ్యాహ్నం దాటిపోయింది. పొద్దు వాలింది. కార్డు హోరు అలాగే ఉంది, తెర మీద ఎవరో తలంబ్రాలు పోసుకుంటూనే ఉన్నారు. ఒక్కసారి ఆపండి, ఒక్కసారి అని పైకే అనేశాను. మరిది పక్కనున్నాడన్న సిగ్గు కూడా లేకపోయింది. కంప్యూటర్ ఆగలేదు.

శ్రీను లేచి వంటింట్లోకి వెళ్లి, కంచంలో పప్పన్నం కలిపి తెచ్చాడు. వాడి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"అన్నయ్య ఇంక లేపడు వదినా. నువ్వే లెగాలి," అన్నాడు.

ఏడుస్తూనే తిన్నాను. తిన్నంతసేపూ అది నడుస్తూనే ఉంది.

ఇప్పటికీ ఆ పాత డబ్బాతోనే పనిచేస్తోంది. శ్రీను రెండు మూడుసార్లు మీటరు పెట్టి చూసి, ఇంత లోడు ఎలా మోస్తోందో తనకి అంతుపట్టడం లేదన్నాడు. అప్పుడు ఎందుకు ఆగేదో, ఇప్పుడు ఎందుకు ఆగట్లేదో నాకూ తెలియదు. వేళకి లేచి తింటున్నాను, ఒళ్లు కాస్త కోలుకుంది. ఎప్పుడైనా ఒకరోజు మాత్రం, కొంచెం ఆలస్యం చేసి చూస్తుంటాను.