మాస్టారి ఖాళీ డబ్బాలు

మా మాస్టారు పోయారని బుధవారం పొద్దున్న తెలిసింది. మా షాపుకి ఫ్లెక్సు రోల్స్ తెచ్చే వ్యాన్ డ్రైవరు రోలు భుజం మీంచి దించుతూ, "నెల్లిమర్ల మాస్టారు నిన్న పోయినారట కదమ్మా, నీకు తెలీదేటి?" అన్నాడు. నాకు తెలీదు. నా ఎదుట తెర మీద ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సు, ముప్ఫై రెండు మొహాలు, సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఏడుపు రాలేదు. మిగిలిన మొహాలు అతికించుకుంటూ కూర్చున్నాను. ఈ పనిలో పద్నాలుగేళ్ళు గడిపాక మనిషికి ముందు వచ్చేది అలసటే.

నాకు పని నేర్పింది ఆయన. నెల్లిమర్లలో జూట్ మిల్లుకి వెళ్ళే దారిలో ఇల్లు, ఇంటి ముందు గదే షాపు. అంతకు ముందు కుంచెతో బస్సుల మీదా పడవల మీదా గోడల మీదా పేర్లు రాసేవారు. ఫ్లెక్సులొచ్చి ఆ పని పోయాక, యాభై దాటిన వయసులో కంప్యూటరు కొనుక్కుని తనంతట తాను నేర్చుకున్నారు. మౌసు పట్టుకున్నా చిటికెన వేలు బల్లకి ఆనించేవారు, గోడ మీద రాసే అలవాటు. టీ మాత్రం కంప్యూటరు ఉన్న గదిలోకి రానిచ్చేవారు కాదు, గుమ్మం అవతలే తాగాలి.

ఈ పని తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మేము బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లో ఏ ఆకారాన్ని క్లిక్ చేసినా దాని చుట్టూ నలుచదరంగా ఒక చట్రం వస్తుంది. అంచుల్లో చిన్న చిన్న నల్ల గళ్ళుంటాయి. వాటిని పట్టుకునే పెంచడం, లాగడం, తిప్పడం అన్నీ. కంప్యూటరుకి లోపలున్నది అక్షరమా ఆవకాయ జాడీయా అక్కర్లేదు. ఆ చట్రం ఎంతుంటే అదే దాని లెక్క. కొత్తవాళ్ళం మేమూ అదే నమ్మేవాళ్ళం.

చేరిన మొదటి వారంలోనే ఒక పడవ పేరు పాడు చేశాను. పడవ ముక్కు దగ్గర ఏటవాలుగా అతికించే స్టిక్కరు అది. పేరు తిప్పి, వాల్చి, ఫైలు మూసేశాను. మర్నాడు తెరిస్తే అక్షరాలు వాలే ఉన్నాయి గానీ చుట్టూ చట్రం మాత్రం నిటారుగా నిలబడి ఉంది. పొడుగు చాల్లేదని చట్రం పక్క గడి పట్టుకుని లాగాను. అక్షరాలన్నీ కల్లు తాగినట్టు ఒరిగిపోయాయి. నేను చూసుకోలేదు, కట్ చేసేశాను. మాస్టారు స్టిక్కరు చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "వాలినోణ్ణి లాగకు పాపా. ముందు నిలబెట్టు, నిలబెట్టి లాగు, ఆనక వాల్చు" అన్నారు. తిట్టలేదు. మళ్ళీ చేయించారు.

ఆయన పద్ధతి ఇంకోటుంది, అది నేను మరెక్కడా చూడలేదు. మన తెలుగు పేర్లలో కొన్నిటికి కింద వత్తులు వేళ్ళాడతాయి, కొన్నిటికి ఉండవు. రెండు పేర్ల చట్రాలూ సమానం చేస్తే వత్తులున్న పేరు చిక్కిపోయి, లేని పేరు బలిసి కనబడుతుంది. "సట్రం సూడకు, అక్షరం పొట్ట సూడు" అనేవారు. పొట్ట అంటే వత్తు వదిలేస్తే మిగిలే అసలు అక్షరం. అందుకని ప్రతి పేరు వెనకా ఒక ఖాళీ డబ్బా గీసేవారు. దానికి రంగు ఉండదు, గీత ఉండదు, కంటికి కనబడదు. అన్నీ ఒకే కొలత, ఎంత వత్తు వేళ్ళాడినా లోపలే ఇమిడేంత. పేరునీ డబ్బానీ ఒక్కటిగా కట్టేస్తే ఇక చట్రం డబ్బాని బట్టే వస్తుంది. ఎంత పెంచినా తగ్గించినా అక్షరాల పొట్టలన్నీ సమానంగానే ఉంటాయి.

మూడేళ్ళ కిందట రామమందిరానికి దాతల పేర్ల బోర్డు వచ్చింది. డిజైను ఆయన చేసి పెట్టారు. కొలతలు మార్చి కటింగుకి పంపే పని నాది. ఫైలు తెరిచి, రంగులు పోయి కనబడనివాటి అంచులు కూడా ఒట్టి గీతలుగా చూపించే పద్ధతిలో చూస్తే పేర్ల వెనక డబ్బాలు, చెత్త పేరుకుపోయినట్టు. ఆరోజు నాకు తీరిక లేదు, ఓపికా లేదు. అన్నీ తీసేసి పేర్లన్నీ ఒక్క ఎత్తుకి సరిపెట్టేశాను. బోర్డు పెట్టిన రెండో రోజే దాతల్లో ఒకరు, అప్పలస్వామిగారు, షాపుకి వచ్చారు. అదే బోర్డు మీదున్న ఆయన తమ్ముడి పేరు రమణ, ఒక్క వత్తూ లేని పేరు. "పెద్దోణ్ణి నేను. తమ్ముడి పేరు అంత లావుగా కొట్టి నా పేరు అంత సిన్నగా కొట్టినారేటి? నా మొహం ఎక్కడెట్టుకోమంటావు?" అని గుమ్మంలోనే నిలబడిపోయారు. మాస్టారు చేతులు జోడించి, బోర్డు మళ్ళీ చేసిస్తానని పంపించారు.

తరవాత నన్ను అడిగారు, "డబ్బాలు తీసేసినావా పాపా?" అని.

"లేదండీ" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఫైల్లో అసలు లేవు. మీకు కళ్ళు సరిగా ఆనడం లేదు కదా, పెట్టడం మర్చిపోయుంటారు" అన్నాను. అప్పటికే ఆయన కళ్ళలో శుక్లాలు మొదలయ్యాయి.

ఆయన తెర వైపు చాలాసేపు చూశారు. "అయ్యుంటాది" అన్నారు.

రెండు నెలల తరవాత గజపతినగరంలో సొంతంగా షాపు పెట్టుకుని వచ్చేశాను. మెటీరియల్ కోసం నెలకి రెండుసార్లు విజయనగరం వెళ్ళేదాన్ని. అక్కణ్ణుంచి నెల్లిమర్ల ఎంతని, ఆటో ఎక్కితే అరగంట. ప్రతిసారీ ఈసారి చెప్పేద్దాం అనుకోవడం, పనుందని తిరుగు బస్సు ఎక్కెయ్యడం. సిగ్గుకి పని అని పేరు పెట్టుకున్నాను, అంతే.

పెద్దకర్మ అయ్యాక ఆయన భార్య ఫోను చేశారు. అమ్మగారనే పిలిచేదాన్ని ఆవిణ్ణి. "పార్టీలొచ్చి మా ఫైల్లివ్వమంటన్నారు పాపా, నాకేటీ తెలీదు, ఓసారి రా" అన్నారు. వెళ్ళాను. గదంతా తుడిచి ఉంది. కంప్యూటరు మీద తుండుగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీస్తే తెర పై అంచుకి టేపుతో అంటించిన అట్టముక్క కనబడింది. దాని మీద ఆయన చేత్తో నల్ల మార్కరుతో రాసి ఉంది: డబ్బాలు పెట్టినానా?

"మూడేళ్ళ నుంచీ అదలాగే ఉన్నాది" అన్నారు అమ్మగారు. "ఏటని అడిగితే, 'మర్చిపోతన్నానే, దాతల బోర్డు పాడు సేసినాను' అనీవోరు. ఒక్కో ఫైలు నాలుగేసిసార్లు తెరిచి సూసీవోరు. ఆకరికి కంప్యూటర్ మీద కూకోడమే మానీసినారు."

అప్పుడు చెప్పాను. నిలబడే చెప్పాను, కూర్చోడానికి మనసొప్పలేదు. డబ్బాలు తీసింది నేనని, ఆయన ఏదీ మర్చిపోలేదని. అమ్మగారు కొంగు వేలికి చుట్టుకుంటూ అంతా విన్నారు.

"అప్పుడే సెప్పుంటే నవ్వేసీవోరు పాపా" అన్నారు. లోపలికి వెళ్ళిపోయారు.

ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆ అట్టముక్క ఎదురుగానే ఉంది. దాన్ని చూడకుండా తెర చూడ్డం కుదరదు. కళ్ళు ఆనడం లేదని నేను అన్న మనిషి రాసిన అక్షరాలవి. ఆసరాకి కింద గీత లేదు, పెన్సిలు గుర్తయినా లేదు. వత్తులు వాటి చోట వేళ్ళాడుతున్నాయి. అక్షరాల పొట్టలన్నీ ఒక్క కొలతలో ఉన్నాయి.