పచ్చ జంటకు నీలం పిల్ల

మా మేడ మీది అర్రలో కిరాయికుండే టీచరమ్మ మొన్న ఆదివారం ఒక జత లవ్ బర్డ్స్‌నీ, ఒక ఇనుప తీగల జాలి చుట్టనీ పట్టుకొని మెట్ల దగ్గర నిలబడింది. నేను చర్చి నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పలేదు. "అంకుల్, మీరు అప్పట్ల ఇవి పెంచిండ్రట గదా. ఇంకో మూడు జతలు తెస్తున్న. జంటకొక పంజరం పెట్టాల్నా, అన్నిట్ని కలిపి జాలి అర్రల ఇడువాల్నా? జర చెప్పుండ్రి" అంది. ఫోన్లో వెతికితే సగం మంది పంజరమే అంటున్నారట, సగం మంది అన్నీ కలిసుండే కాలనీయే అంటున్నారట. నేను ఆలోచించి చెప్తానని లోపలికొచ్చి కూర్చున్నాను. నిజానికి ఆలోచించేందుకేమీ లేదు, జవాబు నాకు బాగా తెలుసు. ఆ జవాబుతో పాటు ఒక మనిషి గుర్తొస్తాడు, అందుకే వాయిదా వేశాను.

నేను చేసిన ఉద్యోగం బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం. తూప్రాన్ దారిలో ఏ స్టాపులోనో చెప్పాపెట్టకుండా బస్సెక్కి, ముఖాలు చూసుకుంటూ వెనక్కి నడిచేవాణ్ని. కిటికీలోంచి వరిచేలను మరీ శ్రద్ధగా చూసేవాడి దగ్గర టికెట్ ఉండదు. గురక పెట్టి నిద్రపోయేవాడి దగ్గర అసలే ఉండదు. అడగగానే కోపం తెచ్చుకునేవాడికి సగం దూరానికే ఉంటుంది. ఇరవై ఏళ్లు ఇదే పని చేస్తే మనిషికి అనుమానం ఒంటికి పట్టేస్తుంది, యూనిఫారంతో పాటు విప్పి కొక్కేనికి తగిలించడం కుదరదు. ఇంట్లో పాలు చిక్కగా ఉన్నా అనుమానమే, పలచగా ఉన్నా అనుమానమే. మా ఆవిడ ఏదైనా కూర బాగుందని రెండోసారి వడ్డిస్తే, నాకు చెప్పకుండా ఏం చేసిందా అని చూసేవాణ్ని.

మా పక్కింట్లో పరుపులు కుట్టే భాయ్ ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆయన చొక్కా మీదా, కనుబొమ్మల మీదా ఎప్పుడూ దూది పోగులుండేవి. మెదక్‌లో సగం పెళ్లిళ్ల పరుపులు ఆయన చేతివే. మా రెండు డాబాలకూ మధ్య నడుమెత్తు పిట్టగోడ ఒక్కటే అడ్డం. నన్ను తమ్మీ అనేవాడు, మా ఆవిడను చెల్లె అనేవాడు. ఆయన డాబాలో సగానికి జాలి కట్టి ముప్పై దాకా పిట్టల్ని కలిపి వదిలేశాడు. పచ్చవే ఎక్కువ, రెండు మూడు నీలంవి. గోడ పొడవునా చిన్న చిన్న మట్టికుండలు, పక్కన బొక్క పెట్టినవి, అన్నీ ఒకే ఎత్తులో వేలాడేవి. ఒక్క కుండ కాస్త పైకున్నా ఆడపిట్టలన్నీ దానికోసమే రక్తాలు కారేలా పొడుచుకుంటాయట. అందుకని జంటలకు రెట్టింపు కుండలు పెట్టేవాడు. అయినా అప్పుడప్పుడూ జోడు లేని ఆడపిట్ట ఏదో ఒకటి పక్క కుండలో దూరి గుడ్లు పగలగొట్టేది. "పిట్టలు గదా" అని పెంకులు ఊడ్చేసేవాడు. ఈ పిల్లకు తండ్రి ఎవరు భాయ్ అని నేనొకసారి అడిగితే ఆయన నవ్వాడు. "ఖుదాకు ఎరుక. దాని కడుపు నిండుతుందా లేదా, గది సూడు తమ్మీ."

ఎవరి పిల్ల ఎవరిదో తెలియని సంసారం నాకు పొసగదు. నేను పెంచితే పంజరంలోనే పెంచుతానన్నాను. ఒక జంట, ఒక కుండ, ఒక తాళం, వచ్చే పిల్లలు ఎవరివో నిక్కచ్చిగా తెలియాలి. భాయ్ తన పిట్టల్లోంచి మంచి పచ్చ జంటను ఏరి ఇచ్చాడు. నేను వరండాలో పంజరం వేలాడదీసి, కొర్రలు పోసి, కొరుక్కోడానికి సముద్రపు నురుగు అనే తెల్లటి గట్టి ముక్క కట్టి, డిపోలో అందరికీ చెప్పుకున్నాను. రెండు నెలలు గడిచాయి. ఆ రెండూ పక్కపక్కన కూర్చొని రోడ్డు చూసేవి తప్ప కుండ వైపు తల తిప్పలేదు. భాయ్ గోడ మీంచి తొంగి చూసి, "ఒంటిగుంటే గుడ్లు పెట్టవు తమ్మీ. నాలుగు పిట్టల సప్పుడు చెవుల పడాలె" అనేవాడు. డిపోలో అడగడం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడే పాపన్నపేటలో మా అత్తమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మేమిద్దరం వెళ్లి పన్నెండు రోజులు ఉండాల్సి వచ్చింది. ఇంటి తాళంచెవి, పంజరం తాళంచెవి భాయ్ చేతిలోనే పెట్టాను, ఇంకెవరున్నారు? తిరిగొచ్చేసరికి పంజరం వరండాలో లేదు. డాబా మీద, పిట్టగోడకు ఆనించి, ఆయన జాలికి ఎదురుగా ఉంది. కుండలో ఒక తెల్లని గుడ్డు! మా ఆవిడ చప్పట్లు కొట్టింది. నేను మాత్రం పంజరం ఎందుకు కదిలిందని అడిగాను. "మా పిట్టల సప్పుడు ఇంటయని పెట్టిన" అన్నాడు భాయ్. జవాబు సూటిగానే ఉంది. కానీ టికెట్ లేనివాళ్లలో తెలివైనవాళ్లు కూడా సూటిగానే చెబుతారు. "గుడ్డును గుడ టికెట్ అడుగుతరా?" అంది మా ఆవిడ.

ఆ తర్వాత రోజు మార్చి రోజు ఇంకో మూడు గుడ్లు పెట్టింది. అన్నీ పిల్లలయ్యాయి. రెండు వారాలకు ఈకలు పొడిచాయి. చిన్నవి మూడూ పచ్చ. అన్నిటికంటే పెద్దది, మేము లేనప్పుడు పెట్టిన ఆ మొదటి గుడ్డులోది, నీలం. తల్లీ పచ్చ, తండ్రీ పచ్చ, పిల్ల నీలం. నీలం పిట్టలున్నది ఒక్క భాయ్ జాలిలోనే. తాళంచెవి ఉన్నదీ ఆయన దగ్గరే. ఇంకేం కావాలి? నేను ఊళ్లో తలవంచుకు తిరుగుతున్నానని జాలిపడి, తన కుండలోంచి ఒక గుడ్డు తీసి నా కుండలో పెట్టాడని తేల్చుకున్నాను. దొంగతనం చేసినా అంత మండేది కాదు. నన్ను చూసి జాలిపడటమా!

మర్నాడు పొద్దున్నే డాబా ఎక్కాను. భాయ్ పిట్టలకు నీళ్లు మారుస్తున్నాడు, ఆయన భార్య, మా భాభీ, బట్టలు ఆరేస్తోంది. "నిజం చెప్పు భాయ్, నీ గుడ్డు నా కుండల పెట్టినవా లేదా?" అన్నాను. ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వలేదని చూసి, "నేనెందుకు పెడ్త తమ్మీ?" అన్నాడు. "అయితే నీ బిడ్డ మీద ఒట్టెయ్యి" అన్నాను. వాళ్లకు లేకలేక పుట్టిన ఒక్కతే కూతురు. మా ఇంట్లో సగం పెరిగిన పిల్ల. భాభీ చేతిలోని తడిబట్ట అలాగే ఆగిపోయింది. భాయ్ నీళ్ల చెంబు కింద పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయాడు. జవాబు చెప్పకుండా దిగిపోయేవాళ్లందరూ నా లెక్కలో దోషులే. గెలిచినట్టే అనుకున్నాను.

రెండోసారి గుడ్లు పెట్టినప్పుడు ఏ అనుమానానికీ చోటివ్వలేదు. తాళం మార్చాను, చెవి జేబులోంచి తీయలేదు. ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో మెల్లగా నంబరు వేశాను. పొద్దునా సాయంత్రమూ తీసి చూసేవాణ్ని, పాపం ఆ తల్లి నా వేళ్లను ఎన్నిసార్లు పొడిచిందో. ఐదు గుడ్లు, నాలుగు పిల్లలు. మూడో నంబరు గుడ్డులోంచి వచ్చినదానికి ఈకలు నీలంగా పొడిచాయి. నేను కుండను రెండు చేతులతో పట్టుకొని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. కొర్రలు అమ్మే దుకాణాయనను, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాను. "ఎందుకు పుట్టదు సార్? తాతదో అవ్వదో నీలం రంగు లోపట దాగి ఉంటది. రెండిట్ల ఉంటే ఎప్పుడో బయట పడ్తది" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన ముచ్చటైనట్టు.

అంటే ఆ మనిషి ఏ తప్పూ చేయలేదు. ఆయన చేసిందల్లా నా పిట్టలకు తోడు వినిపించడం. అప్పుడే వెళ్లి తప్పయిందని చెప్పాల్సింది. చెప్పలేదు. సిగ్గేసింది. జీవితమంతా ఇతరుల అబద్ధాలు పట్టుకున్నవాడికి తన తప్పు చేతిలో పట్టుకొని నడవడం రాదు. పంజరాన్ని డాబా మీంచి దింపి వంటింటి వెనక పెట్టాను, ఆ రంగు ఎవరి కంటా పడకూడదని. రేపు వెళ్దాం, పండగ తర్వాత వెళ్దాం అని వాయిదాలు వేశాను. వాళ్ల బిడ్డ పెళ్లికి శుభలేఖ వచ్చింది, మా ఆవిడ ఒక్కతే వెళ్లింది. ఆ తర్వాత భాయ్ పిట్టల్ని ఎవరెవరికో పంచేసి, ఇల్లమ్మి, తూప్రాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. వెళ్లేరోజు సామాన్ల ఆటో మా గుమ్మం ముందే ఆగింది. నేను కిటికీ పక్కన పేపరు చదువుతూ ఒక్క అక్షరం చదవలేదు.

రిటైరయ్యాక, పోయిన చలికాలంలో, మా ఆవిడ పోరు పడలేక వెళ్లాను. భాయ్ బాగా చిక్కిపోయాడు, కనుబొమ్మల మీద ఇప్పుడు దూది లేదు, అవే తెల్లబడ్డాయి. నన్ను చూడగానే లేచి కుర్చీ జరిపాడు. "తప్పయింది భాయ్, రెండోసారి గుడ..." అని నేను మొదలుపెడితే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీలందే వచ్చింది. ఎరుకే తమ్మీ. నువ్వు పంజరం దించకముందే గోడ మీదికెల్లి చూసిన."

"మరి ఒక్క మాట అనకపోతివి?"

"నువ్వే వస్తవనుకున్న. నీకోసం మీ భాభీ నెల దినాలు పొద్దుగాల ఒక కప్పు చాయ్ ఎక్కువ పెట్టింది. చల్లారితె నేనే తాగిన."

భాభీ ఎక్కడ అని అడిగాను. ఆమె పోయి మూడేళ్లయిందట, మాకు కబురే తెలియలేదు. కూతురు చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ కప్పు పట్టుకొని భాయ్ ముందే ఏడ్చేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. తిరిగి వచ్చే బస్సులో లెక్కేసుకున్నాను. ఆ పిట్టగోడ దాటడానికి అప్పట్లో నాకు అర నిమిషం చాలు, నేను దానికి పదకొండేళ్లు తీసుకున్నాను. అందులో ఎనిమిదేళ్లు భాభీ కూడా బతికే ఉంది.