ఏడు మెట్ల ఇల్లు

నరసరావుపేటలో మా వీధికి సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే పోశారు. రోడ్డు పైకి, మా ఇల్లు గుంటలోకి. వానొస్తే నీళ్లు నేరుగా వంటింట్లోకే. ఆ కోపంతో మా అబ్బాయి కొత్తిల్లు నా నడుం దాటేంత ఎత్తున లేపాడు. ఏడు మెట్లు, జారిపోయేంత నున్నటి గ్రానైటు. పట్టుకోవడానికి పుల్ల కూడా లేదు.

డెబ్బై దాటిన నా మోకాళ్ల సంగతి ఒక్కరూ అడగలేదు. గృహప్రవేశం నాడు ఎవరో చెయ్యి పట్టి ఎక్కించారు. మళ్లీ ఎవరో పట్టుకుంటే తప్ప దిగే దారి లేదు. ఎదురింటి వదినవీ నాలాంటి మోకాళ్లే, మా మెట్లు ఎక్కలేదు. నలభై ఏళ్లు రోజూ పక్కపక్కన కూర్చుని వక్కాకు నమిలిన ఇద్దరం, రోడ్డుకు అటూ ఇటూ కేకలేసుకోవాల్సొచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మెట్ల పక్కన పట్టుకోవడానికి పైపు పెట్టించమంటే మా వాడు, "ఇంటి ముందు ఎలివేషన్ అందం పాడైద్దమ్మా. పిలిస్తే నేను రానా ఏంది?" అన్నాడు. వస్తాడు, కాదనను. వదిన దగ్గరికి పోవడానికి నేనొకర్ని పిలవాలా?

ఒక ఆదివారం పొద్దున వాడు మెట్ల కింద కుర్చీలేసి నలుగురు పెద్దమనుషులతో ఎన్నికల మాటల్లో ఉన్నాడు. నేను కుచ్చిళ్లు దోపుకుని పై మెట్టు మీద చతికిలబడ్డాను. కూర్చునే, ఒక్కో మెట్టూ జరుగుతూ దిగాను. మా వాడు కుర్చీలోంచి లేచాడు.

"ఏందమ్మా ఇది! నలుగుర్లో పరువు తీస్తన్నావు."

"ఏదిరా ఆ పరువు? ఇటియ్యి, పట్టుకుని లేస్తా."

ఒకాయన కిసుక్కున నవ్వాడు. మా వాడు నవ్వలేదు. మర్నాడూ అలాగే దిగాను. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు వెల్డింగ్ షాపతను పైపులతో వచ్చి బిగించాడు.

"గ్రానైటులో కలిసిపోయేటట్టు నల్ల రంగు వేయమన్నాడు పెద్దమ్మా, మీ అబ్బాయి."

"ఎర్రది వెయ్యి నాయనా. వీధి చివరికి కనపడాల."

రంగు ఆరేదాకా ఎవరాగుతారు? పట్టుకుని, నిలబడి, ఏడు మెట్లూ దిగాను. అరచెయ్యంతా ఎరుపే. రోడ్డు దాటి వదిన ఇంటి ముందుకెళ్లాను. ఆమెది ఇంకా గుంటలో ఉన్న పాతిల్లే, వాకిట్లోకి మూడు మెట్లు కిందికి దిగాలి. అడుగున వదిన గోడ పట్టుకుని నిలబడి ఉంది, ఎక్కలేక.

వెనక్కి తిరిగి వెల్డింగతన్ని కేకేశాను.

"ఒరేయ్ అబ్బాయ్! మిగిలిన పైపు ఇటు పట్రా."